ఆదివారం నవ్వు, ఇంటికొచ్చాక ఏడుపు

కాజీపేట నుంచి ఒక చెల్లె రాసింది. సెంట్రింగ్ పనికి పోయే భర్త ఎనిమిది నెలల కింద బిల్డింగ్ మీంచి పడ్డాడు, నడుము కింద స్పర్శ లేదు. ఈమె మిషన్ కుడుతూ ఇద్దరు పిల్లల్ని సాకుతోంది, గ్రూపు లోన్ కిస్తీ వారం వారం కట్టాలి. చర్చిలో అందరూ "ఎప్పుడూ ఆనందించమని వాక్యం ఉంది కదా, ముఖం ఎందుకట్ల పెట్టుకున్నవ్" అంటారట. అక్కడ నవ్వి, ఇంటికొచ్చి బాత్‌రూంలో నల్లా తిప్పి ఏడుస్తోంది. మూడు వారాలుగా నిద్ర లేదు, ఒక్కోసారి ఎందుకు బతకాలి అనిపిస్తోందట. పైగా వచ్చే ఆదివారం సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందు, చెప్పమన్నారు. నా విశ్వాసం తక్కువా అని అడుగుతోంది.

చెల్లెమ్మా, తక్కువ కాదు. ఆనందించమని మీకు చెప్తున్న ఆ మాట తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు ఫిలిప్పీ ఊళ్లోని సంఘానికి ఉత్తరంగా రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలోది. ఆయన సంకెళ్లలో ఉండి రాశాడని ప్రసంగాల్లో బాగానే చెప్తారు, కానీ అదే అధ్యాయంలో ఇంకో పది వచనాలు కిందికి పోయి చదవండి. ఫిలిప్పీవాళ్లు తమ మనిషి ఎపఫ్రొదితు చేత ఆయనకు సాయం పంపారు, అది ముట్టిందని, నా కష్టంలో పాలు పంచుకుని మంచి పని చేశారని రాస్తాడు. అంటే ఆనందించమన్న ఆ ఉత్తరమే ఒకరకంగా సాయం అందినందుకు రాసిన ఉత్తరం. ఉత్తచేతులతో వచ్చి ఆనందించు అని చెప్పి పోయినవాళ్లు కాదు వాళ్లు. ఇదే పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో, బతుకు మీదే ఆశ వదులుకున్నాం అని దాచకుండా చెప్పుకున్నాడు.

అందుకని మీరు చర్చివాళ్లను సిగ్గుపడకుండా అడగండి. ప్రార్థన చేయమని కాదు, అది ఎట్లాగూ చేస్తారు. వారానికి రెండు పూటలు ఒకరు వచ్చి మీ ఆయన దగ్గర కూర్చుంటే మీరు కుట్టుపని పూర్తి చేసుకుంటారని, ఒక పూట పడుకుంటారని అడగండి. ఇద్దరు ముగ్గురైనా ముందుకొస్తారు, కాదన్నవాళ్ల గురించి బాధపడకండి.

ఎందుకు బతకాలి అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. బైబిల్లో ఏలీయా ప్రవక్త కూడా బదరీ చెట్టు కింద కూర్చుని చనిపోతే బాగుండనుకున్నాడు. దేవదూత మందలించలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మీకు కావలసింది ముందు అదే. ఇవాళే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన లైన్, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పర్లేదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీకి ఒకసారి వెళ్లండి. నిద్రకు మందు వాడితే విశ్వాసం పోదు, షుగర్‌కు వాడట్లేదా మనం.

కిస్తీ తప్పకముందే గ్రూపు లీడర్‌తో మాట్లాడండి, కొత్త అప్పు తెచ్చి పాతది కట్టకండి. వికలాంగుల పింఛను సంగతి మీరు రాయలేదు, దరఖాస్తు పెట్టకపోతే మీసేవలో అడగండి.

ఇక దేవుడితో మాట్లాడటం. నల్లా బంద్ చేసి ఏడవండి, ఆయన వింటే నష్టమేముంది. 88వ కీర్తన తీసి చూడండి, చివరి మాట కూడా చీకటే, ఒక్క స్తోత్రమైనా లేకుండా ముగుస్తుంది, అయినా ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు.

మీ ఉత్తరం చివర్లో ఒక సంగతి మీరే తక్కువ చేసి రాశారు. చిన్నోడు సండే స్కూల్ పాట తప్పుతప్పుగా పాడితే మీరూ, మీ ఆయనా పడీపడీ నవ్వారని, తర్వాత ఇంత కష్టంలో నవ్వడమేంటని తప్పు చేసినట్టనిపించిందని. ఎవరూ నవ్వమనలేదు కదా ఆ రాత్రి, మరి నవ్వెట్లా వచ్చింది? నేనైతే మీరు వెతుకుతున్న ఆనందం అదే అంటాను, చర్చిలో పెట్టుకునే ముఖం కాదు.

సాక్ష్యం చెప్పాలనిపిస్తే ఆ నవ్వు గురించీ చెప్పండి, కిస్తీ గురించీ చెప్పండి. వద్దనిపిస్తే ఇప్పుడు కాదని పాస్టరమ్మ గారికి శనివారమే ఫోన్ చేసి చెప్పేయండి, కారణం చెప్పక్కర్లేదు.