పాత బీఎమ్‌ఎక్స్‌కు ఏం మార్చాలి, ఏం మార్చకూడదు: మా తమ్ముడి కొడుక్కి రాసిన ఉత్తరం

చిరంజీవి కార్తీక్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు కొన్న పాత బీఎమ్‌ఎక్స్ సైకిలు ఫొటోలన్నీ పెద్దవి చేసి మరీ చూశాను. మాంగూస్ కంపెనీ క్రోమ్ ఫ్రేము, అడుగున తుప్పు చుక్కలు, సీట్ ట్యూబ్ మీద ఎవరో పిల్లాడు ఎప్పుడో అంటించిన స్టిక్కర్లు. ఇచ్చిన డబ్బుకు బండి మంచిదే. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఫొటోల కింద నువ్వు రాసిన లిస్టు: గైరో, పెగ్స్, నీలం ఆనోడైజ్డ్ పార్టులు, టఫ్ వీల్స్, త్రీ పీస్ క్రాంక్, ఆపైన మాట్ బ్లాక్ పౌడర్ కోటింగ్. విడివిడిగా ఒక్కోటీ బాగానే ఉంటుంది. అన్నీ ఒకే బండికి ఎక్కిస్తే పంచె కట్టి కింద జాగింగ్ షూ వేసుకున్నట్టు ఉంటుంది. ఇంకా ఏమీ కొనలేదన్నావు కదా, మంచిది. క్రెడిట్ కార్డు పక్కన పెట్టి ఇది చదువు.

బీఎమ్‌ఎక్స్ అంటే మట్టి ట్రాకుల మీద రేసులకు, ట్రిక్కులకు వాడే చిన్న చక్రాల సైకిలు. పాత బీఎమ్‌ఎక్స్‌లో ఏ మార్పు చూసినా దానికో కాలం, దాని వెనక ఓ అవసరం ఉంటాయి. అందం కోసం మొదలైనవి తక్కువ. 1970 ప్రాంతంలో ఇక్కడ దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లలు మోటోక్రాస్ రేసులు చూసి, తమ ష్విన్ స్టింగ్‌రే సైకిళ్ల మీద అవే విన్యాసాలు మొదలుపెట్టారు. స్టింగ్‌రే 1963లో వచ్చిన వీధి సైకిలు. మట్టి దిబ్బల మీంచి దూకడానికి చేసింది కాదు. అందుకే పిల్లలు చేసిన మొట్టమొదటి మోడిఫికేషన్ ఊడదీయడం. మడ్‌గార్డులు, చైన్ గార్డు, స్టాండు, పొడుగాటి బనానా సీటు అన్నీ పోయాయి. తర్వాత విరగడాలు మొదలయ్యాయి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు వంగేవి, ఆ ఫోర్కు దిగే హెడ్ ట్యూబ్ దగ్గర వెల్డింగు చిట్లేది, చక్రాల పుల్లలు తెగేవి. నాన్నలు గ్యారేజీల్లో కూర్చుని హెడ్ ట్యూబ్ వెనక గసెట్ అని చిన్న రేకు ముక్క వెల్డ్ చేసి పెట్టేవాళ్లు.

ఎక్కడ విరిగితే అక్కడ ఒక కంపెనీ లేచింది. మోటారు సైకిల్ ఫ్రేములు చేసే లిన్ కాస్టన్ రెడ్‌లైన్ పేరుతో క్రోమోలీ అనే గట్టి ఉక్కు గొట్టాల ఫోర్కు తెచ్చాడు. డ్రాగ్ రేసు కార్లకు చాసిస్ వెల్డ్ చేసే గ్యారీ టర్నర్ తన కొడుకు కోసం ఫ్రేము చేశాడు. ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలే తర్వాత జీటీ. నీ మాంగూస్ కథ అయితే చక్రంతో మొదలైంది. స్కిప్ హెస్ 1970ల మధ్యలో మోటోమాగ్ అని అల్యూమినియంతో పోత పోసిన చక్రం తెచ్చాడు. పుల్లలే లేని చక్రానికి పుల్లలు తెగే బాధ ఏముంటుంది? ఆ చక్రం అమ్మిన డబ్బుతోనే మాంగూస్ ఫ్రేములు వచ్చాయి. ఇప్పుడు నువ్వు ఎండలో పెట్టుకునే ఓక్లీ కళ్లజోడు ఉందే, ఆ కంపెనీ కూడా 1975లో జిమ్ జానార్డ్ హ్యాండిల్ గ్రిప్పులు అమ్ముకుంటూ మొదలుపెట్టినదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు ముందు తేల్చుకోవాల్సింది నీ ఫ్రేము ఏ సంవత్సరం, ఏ పనికి చేసింది అన్నది. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ కింద గానీ, వెనక చక్రం బిగించే డ్రాపవుట్ల మీద గానీ సీరియల్ నంబరు కొట్టి ఉంటుంది. ఆ కాలపు కంపెనీ కేటలాగుల స్కాన్లు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. నా కంటికి అది 1980ల మొదటి సగంలో వచ్చిన రేసు ఫ్రేములా ఉంది. అదే నిజమైతే నీ లిస్టులో సగం కొట్టేయొచ్చు. గైరో, పెగ్స్ రేసు సామాను కావు, ఫ్రీస్టైల్ సామాను, అంటే ట్రిక్కులు చేసేవాళ్లవి.

ఫ్రీస్టైల్‌కు సొంత సైకిలు రావడానికి కొంత కాలం పట్టింది. బాబ్ హారో మొదట రేసు నంబర్ ప్లేట్లు చేసి అమ్మినవాడు. 1982లో అతని పేరుతో ట్రిక్కుల కోసమే ప్రత్యేకంగా ఒక ఫ్రేము, ఫోర్కు వచ్చాయి. అక్కణ్ణుంచి సైకిల్ మీద నిలబడటానికి చోట్లు పుట్టుకొచ్చాయి. సీట్ ట్యూబ్ దగ్గర చిన్న ప్లాట్‌ఫారాలు, ఫోర్కు మీద స్టాండర్లు, ఆ తర్వాత ఇరుసు చివర నట్టు స్థానంలో బిగించే పెగ్స్. హ్యాండిల్‌ను గిర్రున తిప్పితే బ్రేక్ కేబుళ్లు మెడకు ఉరి వేసినట్టు చుట్టుకునేవి. ఆ చిక్కు విప్పడానికి ఇద్దరు రెండు దార్లు వెతికారు. బ్రయాన్ స్కురా 1980ల మధ్యలో రోటర్ కనిపెట్టాడు. ఇప్పుడు అందరూ గైరో అంటున్నది దాన్నే. సైకిల్ మెడ లాంటి హెడ్ ట్యూబ్ దగ్గర బేరింగు మీద తిరిగే రెండు పళ్లేలు, పై పళ్లేన్ని లాగితే కిందది లేస్తుంది, వెనక బ్రేకు పడుతుంది. స్టీవ్ పాట్స్ ముందు బ్రేకు సంగతి చూశాడు. హ్యాండిల్‌ను ఫోర్కుకు బిగించే స్టెమ్ బోల్టుకు నిలువునా బెజ్జం వేసి, కేబుల్‌ను అందులోంచి, ఫోర్కు గొట్టం లోపలి నుంచి కిందికి దించాడు. ఇప్పటికీ దాన్ని పాట్స్ మాడ్ అనే అంటారు. ఖర్చు లేని, తెలివైన పని. పాతకాలపు మార్పుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

నీకు ట్రిక్కుల మీద మనసుంటే మాత్రం ఈ ఫ్రేముకు చెవులు వెల్డ్ చేయించి గైరో పెట్టించకు. గైరోకు హెడ్ ట్యూబ్ దగ్గర కేబుల్‌ను పట్టి ఉంచే ఆధారం కావాలి. రేసు ఫ్రేముకు అది ఉండదు. వెల్డింగు పెట్టిన చోట క్రోమ్ కాలిపోతుంది, ఫ్రేము విలువా పోతుంది. దీన్ని ఇలాగే ఉంచి, తర్వాతెప్పుడైనా హారో గానీ జీటీ పెర్ఫార్మర్ గానీ దొరికితే అప్పుడు ఆ సరదా తీర్చుకో. పాట్స్ మాడ్ అయితే దేనికైనా చేసుకోవచ్చు. కానీ బోల్టుకు నువ్వే డ్రిల్ పెట్టొద్దు, బెజ్జంతోనే తయారైన బోల్టులు అమ్ముతున్నారు.

ఇక చక్రాలు. స్కైవే టఫ్ వీల్స్ మీద మోజు నాకు అర్థమైంది. అయిదు ఊచల నైలాన్ చక్రం, వంకర పోదు, పుల్లలు బిగించి వంకర తీసే ట్రూయింగ్ అక్కర్లేదు. 1980ల పిల్లలకు అది పిచ్చి. తెల్ల టఫ్‌లు కొని, బట్టల రంగు కలిపిన వేడి నీళ్లలో ముంచి నచ్చిన రంగు వేసుకునేవాళ్లు. అదీ ఆ కాలపు మోడిఫికేషనే. ఎండకు పసుపెక్కిన తెల్ల చక్రం చవగ్గా దొరికితే నువ్వూ చేసుకోవచ్చు. అయితే ముదురు రంగు వెయ్యి, లేతవి మచ్చలు మచ్చలుగా దిగుతాయి. ఒకసారి ఎక్కిన రంగు మళ్లీ పోదు కాబట్టి మంచి చక్రంతో ప్రయోగాలు వద్దు. కొనేముందు హబ్బు చుట్టూ, ఊచల మొదళ్ల దగ్గర వెలుతురులో పట్టి చూడు, జుట్టంత పగులున్నా వదిలెయ్. నైలాన్ మీద మామూలు బ్రేక్ రబ్బర్లు సరిగ్గా పట్టవు, వాటికి వేరే మెత్తటి ప్యాడ్లు ఉన్నాయి.

మరి రేసుల్లో గెలవాలనుకునే పిల్లలు ఏం వాడారు? బరువు తగ్గించుకోవాలని ఆ ఊచల చక్రాలు వదిలి అరాయా 7ఎక్స్ అల్యూమినియం రిమ్ములకు, సన్‌టూర్, సుజూ లాంటి జపాన్ హబ్బులకు వెళ్లిపోయారు. టైర్లకు టియోగా కాంప్ త్రీ. నీ ఫ్రేముకు ఆ కాంబినేషన్ నప్పుతుంది, తొక్కడానికీ హాయిగా ఉంటుంది. టైరు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. 20 అంగుళాలు అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 20×1.75 అని దశాంశంలో ఉంటే 406 మిల్లీమీటర్ల రిమ్ము. 20×1-3/8 అని భిన్నంలో ఉంటే 451. పాత ష్విన్ 20×1-3/4 ఇంకోటి, 419. బడిలో 1.75, 1-3/4 ఒకటే అని నేర్పారు కదా, ఇక్కడ ఆ లెక్క కుదరదు.

క్రాంక్ దగ్గర, అంటే పెడళ్లు బిగించే కడ్డీ దగ్గర, కాసేపు ఆగాలి, పని ఎక్కువగా చెడేది ఇక్కడే. నీ బండికి ఉన్నది వంపు తిరిగిన ఒకే ఉక్కు కడ్డీ. ఆష్టబులా క్రాంక్ అంటారు. బరువెక్కువ, గట్టిగా దూకితే వంగుతుంది. రెండు చేతులు, మధ్యలో ఇరుసు విడివిడిగా ఉండే రెడ్‌లైన్ ఫ్లైట్ లాంటి గొట్టపు క్రోమోలీ త్రీ పీస్ క్రాంకులు వచ్చాక, డబ్బున్న ప్రతి పిల్లాడూ ముందు మార్చింది అదే. కాబట్టి నీ లిస్టులో త్రీ పీస్ క్రాంక్ ఉండటం తప్పేం కాదు, ఆ కాలానికి నిజాయితీగా సరిపోయే మార్పు. అసలు ఫ్లైట్ సెట్టు కొనాలంటే చెయ్యి కాలుతుంది. చవగ్గా కావాలంటే నీ ఫ్రేములోని పెద్ద అమెరికన్ బాటమ్ బ్రాకెట్ షెల్లులో అడాప్టర్ వేసి, చదరపు ఇరుసు మీద నడిచే పాత సుగినో క్రాంకులు పెట్టొచ్చు. చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంటుంది.

పాతది ఊడదీసేటప్పుడు బలం ఉపయోగించకు. ఎడమ వైపు పెడల్‌కు, అదే వైపు క్రాంక్‌ను పట్టే లాక్ నట్టుకు, దాని లోపలి కోనుకు ఎడమ మరలు ఉంటాయి. అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతాయి. కుడి వైపు మామూలే. ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి ఉంచు. ఇంకొకటి, ఒంటి ముక్క క్రాంక్ పెడళ్లకు అర అంగుళం మర, త్రీ పీస్ వాటికి 9/16. పాత పెడళ్లు కొత్త క్రాంక్‌కు ఎక్కవు. ఆ సంగతి తెలియక ఒకే వారంలో రెండు జతల పెడళ్లు కొన్నవాళ్లను చూశాను.

స్టెమ్ కొనేటప్పుడు కూడా ఇలాంటి మెలికే. రోడ్డు సైకిళ్ల స్టెమ్ ఫోర్కులోకి దిగే భాగం 22.2 మిల్లీమీటర్లు, ఆ కాలపు బీఎమ్‌ఎక్స్‌లలో ఎక్కువ వాటికి 21.1. చూస్తే తేడా తెలీదు. క్యాలిపర్ లేకుండా కొనొద్దు. దిగని దాన్ని గీకి దింపేవాళ్లు ఉంటారు, నువ్వు ఆ గుంపులో చేరకు.

సీటు వెనక్కి వంగిన లేబ్యాక్ పోస్టు వేసుకో. అప్పట్లో పిల్లలు మోకాళ్లకు చోటు కోసం వేసేవాళ్లు, ఆరడుగుల నీకు అది మరీ అవసరం. పైన కాషిమాక్స్ సీటు. దానికి నేను పక్షపాతినే అనుకో.

ఇక నీలం ఆనోడైజింగ్, అంటే అల్యూమినియం పార్టులకు రంగు పట్టించడం. 1980ల మొదట్లో ఎరుపు, నీలం, బంగారు రంగు ఆనోడైజ్డ్ పార్టులు పెద్ద ఫ్యాషన్. నీ క్రోమ్ మీద నీలం బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే రిమ్ములు, స్టెమ్, సీట్ క్లాంప్, చైన్‌వీల్, లీవర్లు అన్నీ నీలం చేశావంటే షోకేసులో బొమ్మలా అవుతుంది. రెండు మూడు చోట్ల చాలు. పాత రంగు ఎండకు ఊదాగా మారి ఉంటుంది, కొత్త దాని పక్కన పెడితే కలవదు. తెల్ల టైర్లు, తెల్ల గ్రిప్పులు, నియాన్ రంగులు తర్వాతి ఫ్రీస్టైల్ రోజులవి. వాటి జోలికి వెళ్లకు. రంగు మీద మరీ మోజుగా ఉంటే ప్యాడ్ సెట్ మార్చుకో. ఫ్రేము మీద, హ్యాండిల్ మీద, స్టెమ్ మీద చుట్టే ఆ మూడు మెత్తలు రేసుల్లో దెబ్బలు తగలకుండా వచ్చినవే అయినా, రంగు సరదా తీరేది ఎక్కువగా వాటితోనే. నచ్చకపోతే వెల్క్రో తీస్తే చాలు.

బరువు తగ్గాలని చైన్‌వీళ్లకు, బ్రేక్ లీవర్లకు, సీటు పోస్టులకు వరసగా బెజ్జాలు వేసే పిచ్చి కూడా 1970ల చివర్లో నడిచింది. అలా డ్రిల్ చేసిన సీటు పోస్టు దొరికితే గోడకు తగిలించు, దాని మీద కూర్చోకు. పాత అల్యూమినియం హ్యాండిళ్లు, స్టెమ్‌లు కూడా అంతే. ఉక్కు వంగి ముందే హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది, నీ పళ్లు ముందు టైరు పక్కన పడతాయి.

పౌడర్ కోటింగ్ మాట ఇక ఎత్తకు. కోటింగ్ షాపువాళ్లు ముందు క్రోమ్‌ను బ్లాస్ట్ చేసి పారేస్తారు. ఒకసారి పోయిన క్రోమ్‌ను మళ్లీ వేయించడం ఫ్రేము ధరకన్నా ఎక్కువ అవుతుంది. నీ తుప్పు చాలా వరకు పైపైనే ఉంది. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి నీళ్లతో తడిపి రుద్దు, సగం అక్కడే పోతుంది. మిగిలిన దానికి ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టడం ఉంది. గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, కుక్కకూ పిల్లలకూ అందకుండా. ఆనోడైజ్డ్ పార్టులు అందులో వెయ్యొద్దు. స్టిక్కర్లున్న ఫ్రేమును అసలు ముంచకు. కొత్త డెకాల్స్ ఇవాళ ఎవరైనా ప్రింట్ చేసిస్తారు, ఆ పిల్లాడు అంటించినవి మాత్రం ఇంకెక్కడా దొరకవు. ఇలా ముట్టుకోని బళ్లను సర్వైవర్ అని పేరు పెట్టి కలెక్టర్లు రీస్టోర్ చేసిన వాటికన్నా ఎక్కువ ఇష్టపడుతున్నారు. ఆ ఇష్టంలో కొంత ఫ్యాషన్ ఉందిలే. అయినా ఈ విషయంలో వాళ్ల వైపే నేను.

ఊడదీసిన ప్రతి నట్టూ, ప్రతి వాషరూ జిప్‌లాక్ కవర్లో వేసి పేరు రాసి పెట్టు. రేపు నువ్వు అమ్మినా, మనసు మారినా పాతవి తిరిగి బిగించేలా ఉండాలి. మార్చిన ఏ పార్టూ పారేయొద్దు, వంపు తిరిగిన ఆ ఒంటి ముక్క క్రాంక్‌తో సహా.

నీ హబ్బులకు ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టి ఫోన్ చెయ్యి. 36 అయితే నా గ్యారేజీలో ఒక జత అరాయా రిమ్ములు ఊరికే పడి ఉన్నాయి. థాంక్స్‌గివింగ్‌కు మీ నాన్న ఇటు కారులో వస్తానంటున్నాడు కదా, పంపిస్తాను. కోడలికి, పిల్లలకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న
టోరెన్స్, కాలిఫోర్నియా