‘వాడికేం తెలుసు’ అనుకోకండి

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. చిన్నప్పుడు నా చున్నీని చీరలా చుట్టుకుని ఆడుతుంటే ఇంటిల్లిపాదీ ముచ్చటపడి ఫొటోలు తీశాం. ఇప్పటికీ ఆడపిల్లలతోనే స్నేహం, చేతులు తిప్పుతూ మాట్లాడతాడు. బడిలో ‘ఆడంగి’ అని ఏడిపిస్తున్నారట, వ్యాయామం మాస్టారు కూడా అలాగే పిలుస్తారట. ‘పసివాడు, వాడికేం తెలుసు, మీసాలొస్తే అదే సర్దుకుంటుంది’ అంటారు మా అత్తగారు. హాస్టల్లో వేస్తే దారికొస్తాడని బావగారి సలహా. మావారు ఏమీ మాట్లాడరు. డాక్టరుకు చూపించాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లే ఇప్పుడు మొహం చిట్లిస్తుంటే మీ బాబుకు ఎంత అయోమయంగా ఉంటుందో ఊహించండి అమ్మా.

అత్తగారి మాటలో ప్రేమ ఉంది. కానీ ‘వాడికేం తెలుసు’ అనుకోవడం పెద్దలకే సుఖం, ఇక వాడితో మాట్లాడే పని ఉండదు. నా దగ్గరికి వచ్చే ఈ వయసు పిల్లలు ఎవరు నవ్వారో, అమ్మ ఎవరి ముందు తలదించుకుందో, నాన్న ఎప్పటి నుంచి మాట తగ్గించాడో పూసగుచ్చినట్టు చెబుతారు. నడక ‘సరిగ్గా’ రావాలని తలుపు వేసుకుని అద్దం ముందు సాధన చేసేవాళ్లున్నారు. మరుగుదొడ్డి దగ్గర పట్టుకుని ఏడిపిస్తారనే భయంతో బడిలో మంచినీళ్లే తాగనివాళ్లున్నారు. సాయంత్రం మీవాడి నీళ్ల సీసా నిండుగానే తిరిగి వస్తోందేమో చూడండి.

పెద్దయ్యాక ఏమవుతాడంటారా? ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఇలాంటి పిల్లల్లో కొందరు అమ్మాయిలను ప్రేమిస్తారు, కొందరు అబ్బాయిలను ఇష్టపడతారు, కొద్దిమంది తాము అమ్మాయిలమేనంటారు. ఏదైనా జబ్బు మాత్రం కాదు. అలా ఇష్టపడేవారిని, తాము అమ్మాయిలమనేవారిని మందులతోనో మాటలతోనో ‘మార్చే’ చికిత్స చేయడం డాక్టర్ల వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. మీవాణ్ణి మార్చేస్తామని ఎవరైనా హామీ ఇస్తే వెంటనే లేచి వచ్చేయండి. తిండి, నిద్ర తగ్గినా, చావు మాట ఎత్తినా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ఆ వైద్యం వాడి బాధకే, నడకకు కాదు.

హాస్టల్ మాట వద్దే వద్దు. పగలు ఏడిపించేవాళ్ల మధ్య రాత్రి కూడా వదిలేసినట్టవుతుంది.

మాస్టారి సంగతి ఊరుకోదగ్గది కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ప్రధానోపాధ్యాయులకు తేదీ వేసి రాసివ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. కదలిక లేకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి.

అత్తగారికి వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను గుర్తుచేయండి. కూచిపూడి వేదికపై ఆయన జడ పట్టుకుని నిలబడితే ఒళ్లు మరిచి చూశారు మనవాళ్లు, ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. వేదిక మీద మెచ్చుకున్నదాన్నే వీధిలో వెక్కిరించడం మనకే చెల్లింది!

బాబును గుచ్చి గుచ్చి అడగవద్దు. ‘బడిలో నిన్ను ఏమని పిలుస్తున్నారో తెలిసింది, తప్పు వాళ్లదే’ అని మీరే మొదలుపెట్టండి. ఆ రోజే చెప్పకపోవచ్చు, తొందరపెట్టకండి. ఇక మీవారు. బడికి ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఆయన మీ పక్కన ఉండాల్సిందే. తండ్రి తన తరఫున మాట్లాడాడని వాడికి తెలియాలి.