ఐసు మీదికి పాత ఏటీవీ: కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, మినసోటాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకట్టాక ఐసుకి కన్నం వేసి గాలంతో చేపలు పడతారట. ఆఫీసు స్నేహితులతో వెళ్లి వెళ్లి వీడికీ ఆ సరదా పట్టుకుంది. సామానంతా చెరువు మధ్యకి లాక్కెళ్లడానికి సెకండ్ హ్యాండ్ ఏటీవీ (లావు టైర్లతో ఎలాంటి నేల మీదైనా నడిచే నాలుగు చక్రాల చిన్న బండి) కొంటానని రెండు బండ్ల ఫొటోలు పంపాడు. ఒకటి హోండా రాంచర్ 420, కాస్త పాతది, రంగు వెలిసింది. రెండోది పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570, మెరిసిపోతోంది, ముందు మంచు తోసే బ్లేడు కూడా ఉచితంగా ఇస్తాడట. "అమ్మా, మన ఆటోనగర్‌లో ఎవరినైనా అడిగి చెప్పు" అంటున్నాడు. నాకు ఏ బండి అన్నదానికంటే, నీళ్ల మీద పేరుకున్న ఐసు మీద బండి నడపడమేమిటని గుండె గుబగుబలాడుతోంది. రెండింటికీ జవాబు చెప్పండి.
– రిటైర్డ్ టీచరు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతే చూద్దాం. ఏ బండి కొనాలన్నది కూడా అందులోంచే తేలుతుంది.

ఐసు ఎంత మందం ఉంటే ఏది మోస్తుందో మినసోటా సహజ వనరుల శాఖ లెక్క కట్టి చెప్పింది. మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు. చిన్న ఏటీవీకి 5 నుంచి 7. ఇద్దరు పక్కపక్కన కూర్చునే పెద్ద రకానికి 7 నుంచి 8. చిన్న కారుకి 9 నుంచి 10. ఇదంతా కొత్తగా కట్టిన, అడుగు కనపడేంత తేట ఐసు లెక్క. పైన మంచు కురిసి, తడిసి, మళ్లీ గడ్డకట్టిన తెల్ల ఐసుకి బలం సగమే. అక్కడ అంగుళాలు రెట్టింపు చేసుకోవాలి. ఏ ఐసూ నూటికి నూరుపాళ్లు భద్రం కాదని కూడా ఆ శాఖవాళ్లే చెబుతారు. ఆ మాటని మీవాడు తేలిగ్గా తీసుకోకూడదు. ఒకే చెరువులో ఒకచోట జానెడు మందం ఉన్నా, వాగు వచ్చి కలిసేచోట, అడుగున ఊట ఉన్నచోట, వంతెన కింద బాగా పల్చగా ఉండొచ్చు. అందుకని నిన్న ఎవరో వెళ్లారు కదా అని బండెక్కి పోకూడదు. ముందు నడిచి వెళ్లి, గునపంతో పొడుస్తూ, మధ్యమధ్య ఆగర్‌తో, అంటే ఐసుని తొలిచే బర్మాతో కన్నం వేసి టేపు పెట్టి కొలుచుకోవాలి. ఆ దారినే బండి తీసుకెళ్లాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఐసు మీద బండి పోతుంటే కింద నీళ్లలో ఒక అల పుట్టి బండితోపాటు సాగుతుంది. జోరుగా పోతే, లోతు తక్కువైన ఒడ్డు దగ్గర ఆ అల తిరగబడి ఐసుని పగలగొడుతుంది. ఒడ్డు దగ్గరపడేకొద్దీ వేగం తగ్గించమనేది అందుకే. బండి ఆపాక కూడా గంటల తరబడి ఒకేచోట ఉంచకూడదు. బరువుకి ఐసు మెల్లగా కిందికి వంగుతుంది. పక్కనే ఒక కన్నం వేసి ఉంచుకుంటే, అందులోంచి నీళ్లు పైకి పొర్లడం మొదలైన క్షణాన బండి తీయాలని తెలుస్తుంది.

ఇప్పుడు బండి మాట. ఐసు మీద మనల్ని కాపాడేవి రెండే: బండి తక్కువ బరువుండటం, ఎంత చలిలోనైనా మొదటి సెల్ఫ్‌కే స్టార్టవడం. హార్స్‌పవర్ కాదు. రాంచర్ నాలుగు చక్రాల డ్రైవుది పెట్రోలుతో కలిపి 270 నుంచి 290 కిలోల మధ్య తూగుతుంది. స్పోర్ట్స్‌మన్ 570 పెట్రోలు పోయకుండానే 320 దాకా ఉంటుంది. ఆ ఉచితం బ్లేడూ దాని ఫ్రేమూ కలిపితే మరో 50 కిలోలకు పైమాటే. దాని మీద మనిషి, వెనక స్లెడ్డు (మంచు మీద సామాను లాగే చక్రాల్లేని బండి), హీటరు, డేరా. ఇంత బరువుకి నా ఓటు పడదు.

బ్లేడు గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. అక్కడ ఇళ్ల ముందు మంచు తోయడానికి ఏటీవీలని వాడతారు. తోసేబండి ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, తక్కువ స్పీడులో ఎక్కువ లోడుతో రోజంతా కొట్టుకుంటుంది. పైకి గీత కూడా పడకుండా మెరుస్తుంది, లోపల క్లచ్చు, బెల్టు, ఛాసిస్ అరిగిపోయుంటాయి. దీన్ని పట్టుకోవడం సులువు. మీటరులో మైళ్లు, ఇంజను తిరిగిన గంటలు రెండూ కనిపిస్తాయి. మైళ్లని గంటలతో భాగించమనండి. గంటకి పది దాకా వస్తే మామూలుగా తిరిగిన బండి. మూడో నాలుగో వస్తే అది మంచు తోసీ తోసీ అలసిపోయిన బండి. మీరు టీచరు కదా, ఈ భాగహారం ఫోన్లోనే చేయించేయండి.

నేను సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్‌గా చేశాను. లేహ్‌లో చలికాలాలు గడిపాను. అక్కడ నేర్చుకున్నదేమిటంటే, ఇంజను ఆరోగ్యం తెలిసేది పొద్దున్నే, అది పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడే. వేడెక్కిన ఇంజను ఎంత పాడైనదైనా నున్నగా నడుస్తుంది. కాబట్టి మీవాడు అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పాలి. వెళ్లగానే ఇంజను మీద, సైలెన్సరు మీద చెయ్యి వేసి చూడాలి. వెచ్చగా ఉంటే, "కాసేపు తిప్పి ఉంచాను" అని ఎంత నవ్వుతూ చెప్పినా సరే, మరో రోజు వస్తానని వచ్చేయాలి. సున్నాకి 18 డిగ్రీలు దిగువన మామూలు బ్యాటరీ ఇచ్చే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సగంతోనే గట్టిపడిన ఆయిలుని చీల్చుకుంటూ ఇంజను తిరగాలి. మనం విశాఖలో పోసే 20డబ్ల్యూ-40 ఆయిలు అక్కడ కదలనే కదలదు. కంపెనీ పుస్తకంలో చలికి చెప్పిన 0డబ్ల్యూ లేదా 5డబ్ల్యూ రకమే పోయాలి. కార్బురేటరు బండి వద్దు, ఫ్యూయల్ ఇంజెక్షన్‌దే తీసుకోవాలి. చలిలో కార్బురేటరు పెట్టే తిప్పలు చేతులు గడ్డకట్టే చోట భరించలేం. అదృష్టం కొద్దీ రాంచర్ 420 మొదటినుంచీ ఇంజెక్షన్‌దే, 570 కూడా అంతే.

నా షెడ్డుకి రుషికొండ, భీమిలి బీచ్‌ల నుంచి ఏటీవీలు వస్తుంటాయి, కాబట్టి ఇవి ఎక్కడ పాడవుతాయో చేతులకి తెలుసు. సీటు ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీయించండి. ఫిల్టరు తీసి, డబ్బా అడుగున వేలు పెట్టి తుడవాలి. వేలికి సన్నని బురద, ఇసుక అంటితే ఆ బండి ఎప్పుడో నీళ్లలో మునిగి ఉండొచ్చు. అమ్మేవాళ్లు బండంతా కడిగి పాలిష్ కొడతారుగానీ ఆ డబ్బా అడుగు తుడవడం మర్చిపోతారు. నేను చూసినవాటిలో అబద్ధాలన్నీ అక్కడే దొరికాయి. తర్వాత డిప్‌స్టిక్ లాగి ఆయిలు చూడాలి. పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరాయి. బేరం కూడా ఆడొద్దు. చక్రాల లోపలివైపు మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూట్లు అన్నింటినీ టార్చి వేసి తిప్పి చూడాలి. చిరిగి గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటే లోపల జాయింటు పోతున్నట్టే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడ కదలకూడదు.

తుప్పు సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మన ఊళ్లో గేటు హింజీలు రెండేళ్లు ఆగవు. అక్కడ సముద్రం లేకపోయినా చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పికప్ వెనక ట్రైలరు మీద ఎక్కించి తిప్పిన బండికి ఆ ఉప్పునీళ్లు కింద నుంచి కొట్టుకుంటూనే ఉంటాయి. అందుకని పడుకుని ఛాసిస్ అడుగు చూడాలి. పైపుల మీద పొలుసులు లేస్తున్నాయా, ఎక్కడైనా వెల్డింగు కొట్టారా, బ్రేకు పైపులు ఎలా ఉన్నాయి, ఇవి కెమెరాకి దొరకవు.

గేర్ల విషయంలో కూడా నాకు హోండానే నచ్చుతుంది. స్పోర్ట్స్‌మన్‌లో శక్తి రబ్బరు బెల్టు ద్వారా చక్రాలకి వెళ్తుంది. బెల్టు డబ్బాలోకి నీళ్లు చేరితే జారుతుంది. ఐసు మీద కరిగిన మంచునీళ్లు చీలమండ లోతున నిలిచే రోజులుంటాయి. రాంచర్‌కి బెల్టే లేదు, అంతా పళ్ల చక్రాలే. పొలారిస్ మెత్తగా పోతుంది, కూర్చోవడానికి సుఖం, అదీ నిజమే. కానీ ఇంటికి నాలుగు మైళ్ల దూరంలో, గాలి కొడుతుండగా, బెల్టు మార్చే పని ఎవరికీ రాకూడదు. పరీక్షలన్నీ నెగ్గితే రంగు వెలిసిన రాంచరే కొనమనండి. రంగు వెలిసిన ప్లాస్టిక్‌తో ఏ నష్టమూ లేదు.

బొటనవేలితో నొక్కే యాక్సిలరేటరు ఉంటుంది చూడండి, అది వదలగానే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిలు పూర్తిగా అటూ ఇటూ తిప్పినప్పుడు కూడా రావాలి. తడిసిన కేబులు చలికి గడ్డకడితే యాక్సిలరేటరు తెరిచినట్టే ఉండిపోతుంది. అందుకే ఇంజను వెంటనే ఆపేసే ఎర్ర కిల్ స్విచ్ పనిచేస్తోందో లేదో అక్కడే నొక్కి చూడాలి. హ్యాండిల్ గ్రిప్పులకి హీటరు ఉంటే కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. చివరగా రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న నంబరూ ఛాసిస్ మీద కొట్టిన నంబరూ అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి.

కొన్నాక టైర్ల గాలి సంగతి. ఏటీవీ టైర్లలో గాలి చాలా తక్కువ, మామూలుగా పది పీఎస్ఐ కూడా ఉండదు. వెచ్చని గరాజులో 6 పెట్టిన టైరు బయట సున్నాకి 20 డిగ్రీలు దిగువన నిలబడితే దాదాపు 3కి పడిపోతుంది. కాబట్టి చలిలో బయట పెట్టి, అక్కడే కొలిచి నింపాలి, అదీ తక్కువ అంకెలు చూపించే గేజితో. నున్నటి ఐసు మీద టైరు ఎంత కొత్తదైనా పట్టు ఉండదు, చైన్లు వేసుకోవాలి. ఆపినప్పుడు చక్రాల కింద చెక్క ముక్కలు పెట్టుకోకపోతే టైర్లు ఐసుకి అతుక్కుపోతాయి. తడిసిన బ్రేకుల మీద పార్కింగ్ బ్రేకు వేసి వదిలేస్తే అదీ బిగుసుకుంటుంది.

మీ మనసు కోసం ఇంకో నాలుగు మాటలు, వీటిని మీరే ఫోన్లో గట్టిగా చెప్పండి. నీళ్లలో తేలేలా కుట్టిన సూటు వేసుకోవాలి. మెడలో ఐసు పిక్కులు వేలాడాలి. రెండు పిడులకి మేకులు బిగించి తాడుతో కలిపినవి అవి. పడితే వాటిని ఐసుకి గుచ్చి పైకి పాకొచ్చు, ఉత్త చేతులు జారిపోతాయి. ఒంటరిగా వెళ్లకూడదు. డేరాలో గ్యాసు హీటరు వేస్తే గాలి కన్నం తెరిచే ఉంచాలి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే తీసుకుపోతుంది. దాన్ని కనిపెట్టే చిన్న అలారం ఒకటి కొని డేరాలో వేలాడదీయమనండి. ఐసు పగిలి బండి నీళ్లలో మునిగితే మినసోటా చట్టం ప్రకారం 30 రోజుల్లో యజమానే దాన్ని తీయించాలి. ఆ ఖర్చు బండి ఖరీదుని మించిపోవచ్చు, ఆ సంగతి కూడా చెవిన వేయండి.

ఈ ఏడాదికి అసలు బండి లేకుండా, కాలినడకన స్లెడ్డు లాక్కుంటూ వెళ్లి ఆ చెరువుని తెలుసుకోమని కూడా అడిగి చూడండి. మార్చి దాటాక సీజను అయిపోయి అమ్మేవాళ్లు ఎక్కువవుతారు. బేరం అప్పుడే బాగుంటుంది.

ప్రశ్న: భీమిలి దగ్గర మా చిన్న రిసార్టుకి పాత ఏటీవీ ఒకటి కొన్నాం. అలల అంచున నడిపాక బండిని ఎలా చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: తమ్ముడూ, నడిపిన ప్రతిసారీ ఆ రోజే మంచినీళ్లతో కడిగించు. రేపటికి ఉంచితే ఉప్పు లోపలికి దిగుతుంది. ప్రెషర్ గన్‌ని మాత్రం బేరింగుల సీళ్లకీ రబ్బరు బూట్లకీ దగ్గరగా పెట్టొద్దు, నీళ్లు లోపలికే పోతాయి. సాదా పైపుతో నిదానంగా కడిగితే చాలు. ఆరాక గ్రీజు ఎక్కించే నిప్పిళ్లు అన్నింటికీ కొత్త గ్రీజు కొట్టించు, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా. ఇసుక ఎయిర్ ఫిల్టరుని త్వరగా పూడ్చేస్తుంది, వారానికోసారి తీసి చూడు.

ఇక ఇది నా వినతి. మన తీరానికి శీతాకాలం నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూటే వస్తాయి, గుడ్లు ఇసుక కింద ఉంటాయి, పైకి ఏమీ కనపడదు. చక్రాల బరువుకి ఆ గూళ్లు నలిగిపోతాయి. లోతైన టైరు చాళ్లలో పడిన పిల్లలు సముద్రం దాకా చేరలేవు. ఆ నెలల్లో చీకటి పడ్డాక బండి తీయకు. పగలు కూడా అలలు తడిపిన గట్టి ఇసుక మీదే నడుపు, పైన పొడి ఇసుక జోలికి వెళ్లకు. తాబేలు పాకిన జాడ కనిపిస్తే అక్కడ ఒక కర్ర పాతి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చెయ్యి. వాళ్లు వచ్చి గుడ్లని హేచరీకి, అంటే గుడ్లు పిల్లలయ్యేదాకా కాపాడే చోటికి తీసుకెళ్తారు.