ఏ నెల, ఏ కంపెనీ, ఏ తుపాకీ

అమ్మాయ్,

నువ్వు పంపిన మూడధ్యాయాలూ చదివాను. జ్వరంతో వణుకుతున్న సైనికుడు తన దుప్పటి తీసి గుర్రం వీపున కప్పే చోటు బాగుంది. ఇక రెండో అధ్యాయం సంగతి. 1834 జూలై. ఇప్పటి ఓక్లహోమాలోని ఫోర్ట్ గిబ్సన్ కోట నుంచి పడమటి మైదానాల్లోకి డ్రాగూన్ల, అంటే అమెరికా సైన్యపు గుర్రపు సైనికుల, దళం వెళ్తోంది. కమాంచీ తెగవాళ్లు చుట్టుముట్టారు. నీ కథానాయకుడు నడుముకున్న రివాల్వర్ దూసి వరసగా ఆరుగురిని పడగొట్టాడు. అక్కడే కాగితాలు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రివాల్వర్ తయారుచేసిన కోల్ట్‌కు దాని మీద అమెరికాలో పేటెంటు వచ్చిందే 1836 ఫిబ్రవరిలో. పైగా ఆ యాత్రలో ఒక్క యుద్ధమూ జరగలేదు.

జరిగింది ఇదీ. 1833 మార్చిలో అమెరికా కాంగ్రెస్ చట్టంతో డ్రాగూన్ల రెజిమెంటు పుట్టింది. కల్నల్ హెన్రీ డాడ్జ్, ఆయన కింద లెఫ్టినెంట్ కల్నల్ స్టీఫెన్ కెర్నీ. సెయింట్ లూయిస్ దగ్గర జెఫర్సన్ బ్యారక్స్‌లో మనుషుల్ని పోగుచేసి, బట్టలూ ఆయుధాలూ పూర్తిగా అందకుండానే ఆ నవంబరులో ఫోర్ట్ గిబ్సన్‌కు తోలారు. మరుసటి వేసవిలో దాదాపు 500 మంది బయల్దేరారు. మాడ్చే ఎండ, చెడ్డ నీళ్లు, జ్వరం. జనరల్ హెన్రీ లెవెన్‌వర్త్ జూలై 21న దారిలోనే చనిపోయాడు. విచితా తెగ గ్రామం చేరేసరికి డాడ్జ్ వెంట మిగిలింది 200 మంది లోపే. ఓసేజ్ తెగవాళ్లు ఎత్తుకెళ్లిన ఒక కయోవా తెగ పిల్లను దళం తన వెంట తీసుకెళ్లి ఆమె తెగవాళ్లకు అప్పగించింది. విచితాల దగ్గర చిక్కుకున్న మాథ్యూ మార్టిన్ అనే పిల్లవాణ్ణి విడిపించి తెచ్చింది. చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ ఆ యాత్రలోనే ఉన్నాడు, ఆయనా జ్వరాన పడ్డాడు. ఇంత కథ చేతిలో ఉండగా నీకు ఆ ఆరు గుళ్లతో పనేమిటి?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, కాస్త గట్టిగానే చెబుతాను. ఆయుధం పక్కన ఉన్న మోడల్ సంవత్సరాన్ని నమ్ముకుని కథ రాయకు. ఆ సంవత్సరంలో సైన్యం దాన్ని ఆమోదించిందని మాత్రమే దానర్థం. అది కార్ఖానాలో తయారై, నది మీద పడవలో వచ్చి, బండ్లలో కోట చేరి, ఒక సైనికుడి భుజానికి ఎక్కేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. 1855లో రెండు కావల్రీ (అశ్వికదళ) రెజిమెంట్లు కొత్తగా ఏర్పడినప్పుడు పరీక్ష కోసం వాటిలోని వేర్వేరు కంపెనీలకు, అంటే రెజిమెంటులోని చిన్న దళాలకు, వేర్వేరు కార్బైన్లు (రౌతులు వాడే పొట్టి తుపాకులు) ఇచ్చారు. అంటే రెజిమెంటు పేరు తెలిసినా చాలదు. ఏ నెలలో, ఏ కంపెనీ చేతిలో, ఏ స్థితిలో, ఏ తుపాకీ ఉంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే నీ సైనికుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి.

నీ 1834 డ్రాగూన్ చేతికి వచ్చింది హాల్ కార్బైన్. కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్‌లో సిమియన్ నార్త్ తయారుచేసినది. వెనక నుంచి మందు నింపేది, అమెరికా సైన్యం స్వీకరించిన మొదటి క్యాప్ తుపాకీ (హామర్ దెబ్బకు చిన్న రాగి క్యాప్ పేలి మందును అంటించేది) కూడా ఇదే. దాన్ని నింపే తీరు ఒకసారి కళ్లారా చూడు. కింద ఉన్న పట్టు నొక్కితే గొట్టం వెనకున్న ఇనుప దిమ్మె ముందు కొస పైకి లేస్తుంది. కాగితపు తూటాను పళ్లతో చింపి మందు అందులో పోసి, గుండును బొటనవేలితో అదమాలి. దిమ్మెను మళ్లీ కిందికి నొక్కి బిగించాలి. హామర్ సగం ఎత్తి, చిన్న రాగి క్యాప్‌ను మొన మీద తొడగాలి. కళ్లెం ఎడమచేతిలో ఉంటుంది, గుర్రం కుదురుగా నిలబడదు, వేళ్లు చెమటతో జారుతుంటాయి. దిమ్మెకూ గొట్టానికీ మధ్య సందు ఉంటుంది. పేల్చినప్పుడల్లా ఆ సందులోంచి నిప్పూ పొగా ఎగదన్నుతాయి. వాడేకొద్దీ సందు పెరుగుతుంది, గుండు వేగం తగ్గుతుంది. నల్లమందు మసి పేరుకుంటే దిమ్మె బిగుసుకుపోయి లేవదు. నీ సన్నివేశానికి కావలసిన భయమంతా ఆ సందులోనే ఉంది.

గొట్టం మూతి వైపు నుంచి నింపే 1847 నాటి మస్కెటూన్ అనే పొట్టి తుపాకీ కథ ఇంకా అన్యాయం. పాయింట్ 69 క్యాలిబర్, 26 అంగుళాల గొట్టం. అశ్వికుడు దాన్ని ఎడమ భుజం మీదుగా వేసుకున్న వెడల్పాటి తోలుపట్టీకి కొక్కెంతో తగిలించి, మూతి కిందికి ఉండేలా కుడిపక్కన వేలాడదీసుకుంటాడు. గుర్రం దుడుకు నడకకు లోపలి గుండు మెల్లగా సడలి గొట్టంలోంచి జారి నేలమీద పడిపోతుంది. అవసరం వచ్చి పేల్చినప్పుడు ఒట్టి చప్పుడే. 1853లో న్యూ మెక్సికో కోటల్ని తనిఖీ చేసిన కల్నల్ జోసెఫ్ మ్యాన్స్‌ఫీల్డ్, గుర్రం మీది సైనికుడికి ఇది దాదాపు పనికిరాదని నివేదికలో రాశాడు. 1850లలో షార్ప్స్ కార్బైన్ అందిన కంపెనీలకూ, ఇంకా మస్కెటూన్‌తోనే అవస్థపడుతున్న కంపెనీలకూ ధైర్యంలోనే తేడా ఉంటుంది. అది నీ సంభాషణల్లోకి రావాలి.

రివాల్వర్ వదులుకోలేనంటే కథను 1847 తర్వాతికి జరుపు. ఆ ఏడాది తయారైన కోల్ట్ వాకర్ రివాల్వర్ నాలుగున్నర పౌండ్ల బరువు. సిలిండర్‌లోని ఒక్కో గదిలో 60 గ్రెయిన్ల మందు పడుతుంది. సైన్యం 1000 తెప్పించుకుంది. కొన్నిటి సిలిండర్లు పగిలిపోయాయి. గొట్టం కింద గుండు కూరే మీటకు గట్టి పట్టు లేక, పేల్చిన అదురుకు అది కిందికి జారి సిలిండర్‌ను తిరగనివ్వదు. తర్వాత వచ్చిన డ్రాగూన్ మోడల్‌లో సిలిండర్ కురచ చేసి మీటకు పట్టు పెట్టారు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఈ బరువు పిస్తోళ్లను సైన్యం నడుముకు కట్టలేదు. జీను ముందు భాగాన వేలాడే తోలు ఒరల్లో పెట్టేవాళ్లు. గుర్రం కూలితే, లేదా బెదిరి పారిపోతే, పిస్తోలు కూడా దాంతో పోయినట్టే. మన కౌబాయ్ సినిమాలు నేర్పిన నడుము ఒర అలవాటు నీ రాతలోంచి ముందు తీసెయ్యి. ఆరు గదులూ ఖాళీ అయ్యాక పరుగెత్తే గుర్రం మీద మళ్లీ నింపడం కుదరని పని. పేలిన క్యాప్ ముక్కలు లోపల ఇరుక్కుంటే ఆరో గుండు దాకా రావడమే కష్టం.

కత్తి గురించి నువ్వు బాగా ఉత్సాహపడ్డావు. 1840 మోడల్ బరువు కత్తికి సైనికులు పెట్టిన పేరు మణికట్టు విరిచేది. ఇనప ఒరలో రాసుకుని పదును పోతుంది, నడకలో గలగలమంటూ శత్రువుకు కబురు చెబుతుంది. చాలా దళాలు గస్తీకి వెళ్లేటప్పుడు కోటలోనే వదిలేశాయి. అయినా రెండు యుద్ధాలు పక్కపక్కన పెట్టుకుని చదువు. మెక్సికోతో యుద్ధంలో, 1846 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని శాన్ పాస్‌క్వాల్‌లో కెర్నీ మనుషులు ముందురాత్రి వానలో తడిశారు, మందు చెమ్మగిల్లింది, ఎక్కింది బక్కచిక్కిన కంచరగాడిదలూ సరిగా మచ్చిక కాని గుర్రాలూ. ముందున్నవాళ్లు దౌడు తీస్తే వెనకున్నవాళ్లు అందుకోలేక వరస తెగింది. మెక్సికో పక్షాన పోరాడిన ఆండ్రెస్ పీకో రౌతుల బల్లేల పొడవు ముందు కత్తి చాలలేదు. కెర్నీకే గాయమైంది. 1857 జూలై 29న సాలొమన్ నది దగ్గర కల్నల్ సమ్నర్ కార్బైన్లు పక్కన పెట్టి కత్తులు దూయమన్నాడు. చెయెన్ తెగవాళ్లు గుండ్లు తగలకుండా చేసే పవిత్ర జలాన్ని నమ్ముకుని వచ్చారు. కత్తికి మంత్రం లేదు. వాళ్లు గుర్రాలు తిప్పేశారు. ఒకే ఆయుధం రెండు చోట్ల రెండు ఫలితాలిచ్చింది, కారణాలు గుర్రాల్లోనూ వానలోనూ నమ్మకాల్లోనూ ఉన్నాయి. చెయెన్ యోధుణ్ణి కేకలు వేసే గుంపుగా కాక ఆ నమ్మకంతో నిలబడ్డ మనిషిగా రాస్తేనే ఆ సన్నివేశం నిలుస్తుంది.

గుర్రానికి రోజుకు 14 పౌండ్ల ఎండుగడ్డి, 12 పౌండ్ల దాణా అన్నది సైన్యం లెక్క. మైదానంలో ఆ దాణా బండ్లలో రావాలి, బండి నడిచినంతే దళం నడుస్తుంది. దాణాకు అలవాటుపడ్డ పెద్ద గుర్రం ఒట్టి గడ్డి మీద వారాల్లో చిక్కిపోతుంది, కమాంచీ పొట్టి గుర్రం అదే గడ్డి మీద నిక్షేపంగా ఉంటుంది. రౌతు, జీను, సామాను కలిసి 200 పౌండ్లు దాటుతుంది. గుర్రం చిక్కగానే జీను వదులై వీపు పుండు పడుతుంది. 1847లో గ్రిమ్స్‌లీ జీను వచ్చింది, మెక్లెల్లన్ జీను 1859 దాకా లేదు, నీ మూడో అధ్యాయంలో అది మార్చు. ఒకప్పుడు ఒక వారపత్రిక సంపాదకుడు నా సీరియల్లో గుర్రాల మేత భాగం మొత్తం కత్తిరించి, పాఠకులకు గడ్డి ఎందుకండీ అన్నారు. ఆ మేత లేక దళం ఆగిపోవడమే ఆ వారం కథ. సినిమాలా పరుగెత్తాలనే ఈ మోజు ఇప్పుడు మరీ ముదిరింది. నువ్వు దానికి లొంగకు.

ఇక కాగితాలు. అసలు ప్రతులు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, మైక్రోఫిల్ములుగా దొరుకుతాయి. ముందు ఎం617 తియ్యి, అది కోటల నెలవారీ రిటర్నులు, అంటే పై అధికారులకు పంపిన లెక్కల నివేదికలు. నీ నెలలో ఆ కోటలో ఏ కంపెనీలున్నాయో, అధికారులెవరో, ఎవరు ఎటు వెళ్లారో తెలుస్తుంది. తర్వాత ఎం744, గుర్రపు రెజిమెంట్ల రిటర్నులు. జబ్బుపడ్డవాళ్లు, పనికొచ్చే గుర్రాలు, పనికిరానివి చూడు. అప్పుడు కంపెనీ మస్టర్ రోల్, అంటే సైనికుల హాజరు పట్టీ. రెండు నెలలకొకటి రాసేవాళ్లు. ఆయుధాలు, బట్టలు, క్రమశిక్షణ ఎలా ఉన్నాయో అధికారి అందులో రాస్తాడు. ఎవడైనా కార్బైన్ పోగొట్టుకుంటే జీతంలో కోత పడ్డ సంగతి వాడి పేరు పక్కనే కనబడుతుంది. పాత్రలు కావాలంటే ఎం233, చేరికల రిజిస్టరు: వయసు, పుట్టిన ఊరు, పాత వృత్తి, కళ్ల రంగు, పారిపోయాడా లేదా. సైనికుల మాటతీరు కావాలంటే కోర్ట్ మార్షల్ వాంగ్మూలాలకు మించింది లేదు. 1850ల కల్లా ఐరిష్, జర్మన్ వాళ్లు ఎంతమంది ఉన్నారో చూశాక నీ బ్యారక్స్ సంభాషణలు నీకే నచ్చవు.

రెజిమెంటు పేర్ల దగ్గర తెలిసినవాళ్లూ తడబడతారు. 1861 ఆగస్టులో గుర్రపు దళాలన్నిటికీ కావల్రీ పేరే పెట్టి కొత్త సంఖ్యలిచ్చారు. అప్పటి ఫస్ట్ డ్రాగూన్స్ ఫస్ట్ కావల్రీ అయింది, అంతకుముందున్న ఫస్ట్ కావల్రీ నాలుగోది అయింది. 1858 ఉత్తరం వెతుకుతూ 1862 కాగితాల్లో పడితే వేరే మనుషుల చరిత్ర నీ కథలోకి వస్తుంది. యూనిఫాం అంచుల రంగులూ అంతే. డ్రాగూన్ల పసుపు 1851లో నారింజ అయింది, 1855లో ఆ పసుపు కావల్రీకి పోయింది.

ఉత్తమ పురుషలో రాయాలా, ఏ ప్రచురణకర్తకు పంపాలి అని అడిగావు. ఆ మాటలు ఇప్పుడొద్దు. నువ్వుండేది కాన్సాస్ సిటీలో కాబట్టి ఫోర్ట్ లెవెన్‌వర్త్ దగ్గర్లోనే ఉంది, దక్షిణాన ఫోర్ట్ స్కాట్ 1842 నాటిది, అక్కడ డ్రాగూన్ల గుర్రపుశాల తిరిగి కట్టి ఉంచారు. వేసవిలో వెళ్లు, ఒక్కో గుర్రానికి ఎంత చోటో అడుగులతో కొలిచి రాసుకో.

ఇంకొకటి. నీ నాయకుణ్ణి జె కంపెనీలో పెట్టావు. ఆ సైన్యంలో ఎ నుంచి కె దాకా పది కంపెనీలు, మధ్యలో జె లేదు. ఒక కంపెనీ ఎంచుకుని, 1834 జూలై రిటర్ను నకలు జతచేసి, తిరగరాసిన అధ్యాయం పంపు.