సరుకు ఇస్తున్నారు కదా, గొలుసుకట్టు స్కీమ్ నేరమెలా అవుతుంది?

చేతికి సరుకు ఇచ్చినా సరే, ఆదాయం అమ్మకాల మీద కాక కొత్త సభ్యులు కట్టే డబ్బు మీద వస్తుంటే ఆ స్కీమ్ చట్టవిరుద్ధమే. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు బస్టాండులోనో ముక్కూమొహం తెలియనివాళ్లు "సైడ్ ఇన్‌కమ్ ఉంది, ఒక్కసారి మీటింగ్‌కి రండి" అని పిలిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

కారణం లెక్కలోనే ఉంది. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలనుకోండి. 6, 36, 216 అలా పెరుగుతూ ఎనిమిదో వరుసకే దాదాపు 16.8 లక్షల మంది కావాలి. 2011 లెక్కల్లో విజయవాడ నగర జనాభాయే పది లక్షల పైచిలుకు! గొలుసు ఎక్కడ తెగినా అన్నిటికన్నా పెద్దది చివరి వరుసే కాబట్టి, చేరినవాళ్లలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆ వరుసలో ఉండేది మన తోడల్లుడో, పక్కింటి అమ్మాయో.

"రిజిస్ట్రేషన్ ఉంది, జీఎస్టీ నంబరు ఉంది, కాబట్టి లీగలే" అన్నది పెద్ద అపోహ. అవి కంపెనీ నమోదుకు, పన్నుకు సంబంధించినవి. స్కీముకు అనుమతి కాదు. 1978 నాటి మనీ సర్క్యులేషన్ (ఇలాంటి గొలుసుకట్టు స్కీముల) నిషేధ చట్టం స్కీమ్ నడపడాన్నే కాదు, సభ్యుడిగా చేరడాన్నీ నిషేధించింది. 2021 డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా నేరుగా మనుషుల ద్వారా అమ్మడం) నియమాల ప్రకారం అమ్మకందారు మనం అడగకముందే తానెవరో, ఏ కంపెనీయో, ఎందుకొచ్చాడో చెప్పాలి. "కంపెనీ పేరు మీటింగ్‌లో చెబుతాం" అంటే ఆ నియమం దాటినట్టే.