బియ్యం సంచిలో ఆక్సిజన్ పొట్లం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఏటా 50 కిలోల బియ్యం ఒకేసారి కొంటాం. వానలు మొదలయ్యేసరికి ముక్కుపురుగు పడుతోంది. ఆక్సిజన్ అబ్జార్బర్ (ఆక్సిజన్‌ను పీల్చుకునే) పొట్లాలు డబ్బాలో వేస్తే పోతుందా? ఎన్ని వేయాలి?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: రోజూ మూత తీసే డబ్బాలో వేస్తే డబ్బు దండగ. పొట్లంలో ఉండేది ఇనుప పొడి, కాస్త ఉప్పు. ఇనుము తుప్పు పడుతూ చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మూత తీసినప్పుడల్లా కొత్త గాలి చేరుతుంది కాబట్టి పొట్లం త్వరలోనే చచ్చుబడుతుంది. అందుకే 50 కిలోలనూ 5 కిలోల చొప్పున పది సంచులు చేయండి. ఒకటి విప్పినా తొమ్మిది భద్రంగా ఉంటాయి.

సంచి అల్యూమినియం పొర ఉన్న మైలార్‌దే (గట్టి పాలిస్టర్ ఫిల్ముదే) కావాలి. పాలిథిన్ కవరు, ప్లాస్టిక్ బకెట్టు బయటికి ఎంత గట్టిగా కనిపించినా గాలిని మెల్లగా లోపలికి వదులుతాయి.

ఇక లెక్క. 5 కిలోల బియ్యం ఆరు లీటర్లకు కొంచెం పైన చోటు పడుతుంది. గింజల సందుల్లోను, పైన మిగిలిన ఖాళీలోను కలిపి మూడు లీటర్లకు పైగా గాలి ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి తీయాల్సింది సుమారు 700 సీసీ (మిల్లీలీటర్లు). సంచికి 500 సీసీ ఆక్సిజన్ తీసే పొట్లాలు రెండు వేయండి. ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతే పురుగు బతికిపోతుంది.

ముందు పది సంచులూ నింపి, మూతిని ఇస్త్రీపెట్టెతో అతికించి, ఒక మూల నాలుగు వేళ్ల సందు వదలండి. అతికే చోట బియ్యపు పొడి ఉంటే సీలు పట్టదు, గుడ్డతో తుడవండి. అంతా సిద్ధమయ్యాకే పొట్లాల కవరు కత్తిరించి, పావుగంటలోపు అన్నింటిలో వేసి ఆ సందులు మూసేయండి. ఆక్సిజన్ తగ్గిన వెంటనే పురుగు గుడ్లు చావవు. కనీసం మూడు వారాలు ఏ సంచీ విప్పకండి.

మిల్లు నుంచి వచ్చిన బియ్యంలో 12 నుంచి 14 శాతం తేమ మామూలే. ఏడాదిలోపు తినేసేదానికి పర్వాలేదు, ఏళ్ల తరబడి నిల్వకైతే 10 శాతం దాటకూడదు. పొడి గాజు సీసాలో గుప్పెడు బియ్యం, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా ఆడించండి. ఉప్పు గడ్డకట్టి సీసాకు అంటితే తేమ చాలా ఎక్కువని అర్థం. అలాంటి బియ్యాన్ని నీడపట్టున ఆరబెట్టండి. మండుటెండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది.

సంచులను స్టీలు డ్రమ్ములో పెట్టండి, లేదంటే ఎలుక కొరుకుతుంది. అటక మాత్రం వద్దు. అక్కడి వేడికి నిల్వకాలం బాగా తగ్గిపోతుంది.

ప్రశ్న: వారమైనా నా సంచి బిగుసుకోలేదు. పొట్లాలు నకిలీవా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. పొట్లం ఆక్సిజన్‌నే తీస్తుంది, మిగిలిన నైట్రోజన్ లోపలే ఉంటుంది. అందువల్ల పైన ఖాళీ ఎక్కువ వదిలిన సంచి వదులుగానే కనిపించవచ్చు. సీలును వేళ్లతో లాగి చూడండి, సంచిని నొక్కి గాలి బయటికి వస్తోందేమో గమనించండి. కారుతుంటే కొత్త పొట్లాలు వేసి మళ్లీ అతికించాల్సిందే.

ప్రశ్న: కారం, వడియాలు, ఎండబెట్టిన కూరగాయలు, వెల్లుల్లి కారం, దంపుడు బియ్యం కూడా ఇలా దాచవచ్చా? మా అబ్బాయికి అమెరికా పంపాలి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బాగా ఎండిన మిరపకారానికి ఇది చక్కగా పనికొస్తుంది, రంగు నిలుస్తుంది. కందిపప్పు, పెసరపప్పు కూడా సరే.

వెల్లుల్లి కారం మాత్రం వద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాం. పచ్చి వెల్లుల్లిలో తడి ఉంటుంది. తడి ఉండి ఆక్సిజన్ లేని చోట బాట్యులిజం అనే ప్రమాదకర విషవ్యాధిని కలిగించే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు, ప్రాణానికే ముప్పు. ఎండిన కూరగాయ ముక్కలు, వడియాలు వంచితే పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ ఎండబెట్టండి. బెల్లం, ఖర్జూరం వంటి మెత్తని వాటికీ ఈ పద్ధతి వద్దు.

దంపుడు బియ్యంలో తవుడు నూనె ఉంటుంది. పొట్లం వేసినా కొన్ని నెలలే నిలుస్తుంది, ఏళ్ల నిల్వకు పనికిరాదు. పంచదార, ఉప్పులకు పొట్లమే అక్కర్లేదు. వేస్తే పంచదార రాయిలా గడ్డకడుతుంది.

ప్రశ్న: సిలికా జెల్ పొట్లం, ఇదీ ఒకటేనా? వాడగా మిగిలినవి ఎలా ఉంచాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఒకటి కాదు. సిలికా జెల్ తేమను లాగుతుంది. ఇనుము తుప్పు పట్టాలంటే కొద్దిగా తేమ కావాలి కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టకండి. మిగిలిన పొట్లాలను అవి సరిగ్గా పట్టే చిన్న గాజు సీసాలో వేసి మూత బిగించండి. కవరులో వచ్చే గుర్తు బిళ్ల గులాబీ రంగులో ఉంటే మంచివి, నీలం రంగుకు మారితే గాలి తగిలిందని అర్థం. పొట్లం లోపల పొడిగా కదలకుండా రాయిలా గట్టిపడితే దాని పని అయిపోయినట్టే. దాన్ని పారేయండి, పిల్లలకు అందనివ్వకండి.