ఈగ పేరు చెప్పడానికి తొందరపడకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఫోటోలు అందాయి. బూడిద రంగు ఒళ్లు, ఉరం (రెక్కలూ కాళ్లూ ఉండే నడిమి భాగం) మీద మూడు నల్లచారలు, ఉదరం మీద చదరంగపు గళ్లు, ఎర్రని కళ్లు. కింద ‘సార్కోఫాగా కార్నేరియా’ అని, ఒక మాంసపు ఈగ జాతి పేరు రాసేశావు. కాదని నేను అనను కానీ, అవునని ఆ ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు. 1758లోనే జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ వర్ణించిన జాతి కాబట్టి బూడిద ఈగ కనబడగానే అందరి నోటికీ ఆ పేరే వస్తుంది. ప్రపంచంలో మాంసపు ఈగల జాతులు సుమారు 3,000. వాటిలో ఎన్నో ఇవే చారలతో, ఇవే గళ్లతో తిరుగుతాయి. ప్రస్తుతానికి ‘సార్కోఫాజిడే (మాంసపు ఈగల) కుటుంబం కావచ్చు’ అని రాసుకో, చాలు. అలా రాయడం చిన్నతనం కాదు.

అసలు అది మాంసపు ఈగేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంటి ఈగకు చారలు నాలుగు. అంతకంటే గట్టి గుర్తు ఇంకొకటుంది. ఉరం పక్కభాగంలో, వెనక కాలి మొదలుకు పైన, బిరుసు వెంట్రుకలు నిలువుగా వరుసకట్టి ఉంటాయి. ఇంటి ఈగ కుటుంబంలో ఆ వరుస ఉండదు. నీలంగానో ఆకుపచ్చగానో లోహంలా మెరిసే ఈగలకూ ఆ వరుస ఉంటుంది, కానీ వాటిని ఆ మెరుపే పట్టిస్తుంది. నిన్ను నిజంగా తికమకపెట్టేవి గొంగళిపురుగుల మీద పరాన్నజీవులుగా బతికే టాకినిడే ఈగలు. ఈగను పక్క నుంచి చూడు. ఉరం చివరి పలక కింద ఉబ్బెత్తు దిండులాంటిది కనబడితే అది టాకినిడే.

కుటుంబం తేలాక అసలు పని మొదలవుతుంది. జాతిని చెప్పేది చాలావరకు మగ ఈగ జననాంగాల ఆకారమే. మగవాటికి కళ్ల మధ్య నుదురు ఇరుకు, ఆడవాటికి వెడల్పు. మగ ఈగ చేతికి చిక్కితే బిగుసుకుపోకముందే సన్నని కొక్కెపు సూదితో ఉదరం కొస నుంచి జననాంగాలను మెల్లగా బయటికి లాగి అలాగే ఆరనివ్వు. ఇది చేతికి అలవడడానికి కొంత కాలం పడుతుంది. మొదట్లో కొన్ని చిరిగిపోతాయి, బెంగపడకు. ఎండిపోయిన ఈగైతే మూతపెట్టిన తడి డబ్బాలో రాత్రంతా ఉంచి మెత్తబరచు. అప్పటికీ స్పష్టంగా కనబడకపోతే ఉదరం కొస కత్తిరించి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టాలి. అది చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయవద్దు. కండరాలు కరిగాక నీటితో కడిగి, గ్లిజరిన్‌లో పెట్టి మైక్రోస్కోపు కింద చూడు. పని అయ్యాక ఆ ముక్కను బుల్లి సీసాలో వేసి, ఆ సీసాను అదే ఈగను గుచ్చిన సూదికి గుచ్చు. ఏ ముక్క ఏ ఈగదో తెలియని పెట్టె చెత్తతో సమానం.

మరి ఆడ ఈగ దొరికితే? చాలా జాతుల్లో ఆడవాటిని కంటితో విడదీయడం కష్టం. దానికో చక్కని ఉపాయం ఉంది. మాంసపు ఈగ సాధారణంగా గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లపురుగులనే వదులుతుంది. ప్రాణంతో పట్టిన ఆడ ఈగను చిన్న మాంసం ముక్క ఉన్న సీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టు. పురుగులు దిగితే వాటిని పెంచు. అవి ప్యూపాలుగా (ఈగగా మారేముందు కదలకుండా ఉండే దశ) మారడానికి పొడి ఇసుక పరచు. వాటిలోంచి వచ్చిన కొడుకులను పరీక్షిస్తే తల్లి పేరు తెలుస్తుంది. వాసన మాత్రం భరించాలి, ఇంట్లోవాళ్ల అనుమతి ముందే తీసుకో! పురుగుల వెనక కొసను కూడా చూడు: శ్వాసరంధ్రాలు లోతైన గుంటలో దాగి ఉంటాయి.

ఇవన్నీ కుళ్లిన మాంసం మీదే పెరుగుతాయని అనుకోకు. నువ్వు రాసిన ఆ కార్నేరియా పిల్లలు వానపాముల మీద బతుకుతాయి. మాంసపు ఈగల్లోనే బ్లీసోక్సిఫా అనే ప్రజాతిలో చాలావాటికి మిడతలే ఆహారం. మిల్టోగ్రామినే ఉపకుటుంబం ఈగలు ఒంటరి కందిరీగల, తేనెటీగల గూళ్లలో దూరి, వాటి పిల్లల కోసం దాచిన తిండిని తమ పిల్లలకు దక్కేలా చేస్తాయి. అందుకే ఈగతో పాటు ఉంచే చీటీ మీద ఊరు, తేదీ, పట్టినవారి పేరుతో ఆగకుండా ఈగ ఏం చేస్తుండగా చిక్కిందో కూడా రాయి. ‘ఇసుకలో కందిరీగ బొరియ దగ్గర’ అన్న నాలుగు మాటలు వెతుకులాటను సగం తగ్గిస్తాయి. మగవాటి కోసమైతే ఎండపడే కొండ శిఖరాలకు వెళ్లు. ఎన్నో జాతుల మగ ఈగలు జతకోసం అక్కడ కాచుకుంటాయి.

సూదిని ఉరం నడిమి గీతకు కాస్త కుడివైపు గుచ్చు, ఎడమవైపు వెంట్రుకలు చెడకుండా ఉంటాయి. ఒక కాలు తీసి గాఢమైన ఆల్కహాల్‌లో దాచు, ఎప్పుడైనా డి.ఎన్.ఎ. పరీక్షకు పనికొస్తుంది. ఆ సీసా మీదా ఈగ చీటీ మీదా ఒకే సంఖ్య వేయడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
పెదనాన్న